స్ప్రింగు మీద గ్రైండర్ పెట్టే ముందు

విజయవాడ ఆటోనగర్‌లోనూ, మిగతా ఊళ్లలోనూ సస్పెన్షన్ పని చేసే మేస్త్రులకు, వారి దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాళ్లకు,

నమస్కారం.

నేను మీలో ఒకడిని. ఇరవై రెండేళ్లుగా వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం), సస్పెన్షన్ (బండిని మోసే స్ప్రింగులు, షాకులు) పని మీదే బతుకుతున్నాను. ఇది మీ మీద ఫిర్యాదు కాదు. ఫిర్యాదే చేయదలిస్తే రవాణా శాఖకు రాసేవాడిని. బండిని కిందికి దించడానికి మనం స్ప్రింగులు కోస్తున్నాం. దీని గురించి మనలో మనం తేల్చుకోవాల్సిన మాట ఒకటి చాలా కాలంగా నానుతోంది. దాన్ని నలుగురి ముందు పెడితే తప్ప కదలదని ఇలా బహిరంగంగా రాస్తున్నాను.

పోయిన నెలలో ఒక కుర్రాడు తెల్ల హ్యాచ్‌బ్యాక్ తీసుకొచ్చాడు. "అన్నా, స్టీరింగ్ ఎడమకు లాగేస్తోంది, అలైన్‌మెంట్ చేసి పెట్టండి" అన్నాడు. బండి బాగా కిందికి దిగి ఉంది. ముందు టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య రెండు వేళ్లు కూడా పట్టడం లేదు. అలవాటు ప్రకారం టైరు లోపలి అంచున చేయి పెట్టి తడిమితే వేలికి సన్నని తీగ గుచ్చుకుంది. బయటి నుంచి చూస్తే టైరు సగం కూడా అరగలేదు, గాడులు లోతుగా ఉన్నాయి. లోపలి వైపు మాత్రం రెండంగుళాల మేర రబ్బరు పూర్తిగా పోయి స్టీలు తీగలు బయటికి వచ్చాయి. ఆ టైర్లు వేసి ఎనిమిది నెలలే అయిందట. ఆ కుర్రాడు అదే టైర్ల మీద అమ్మానాన్నలను తిరుపతి తీసుకెళ్లి వచ్చాడు.

లిఫ్ట్ ఎక్కించి బండి లేపాం. చక్రాలు కిందికి వేలాడగానే ముందు వైపు టక్కుమని చప్పుడు వచ్చింది. చూస్తే స్ప్రింగు సీటులో వదులుగా ఉంది. చేత్తో పట్టుకుని తిప్పితే తిరిగిపోయింది. దాని కింది చివర గ్రైండర్‌తో కోసిన గుర్తు ఉంది, ఆ కోత చుట్టూ తుప్పు పట్టింది.

ఎవరు కోశారని నేను అడగలేదు, ఎందుకంటే ఒకప్పుడు నేనూ కోశాను. పని నేర్చుకునే రోజుల్లో, మా మేస్త్రి ఊళ్లో లేని ఒక మధ్యాహ్నం, ఎవరో అడిగారని రెండు ముందు స్ప్రింగులకూ ఒక్కో చుట్టు కోసి బిగించి పంపాను. మూడు వారాల తర్వాత ఆ బండి టైరు పంక్చర్ అయింది. పంక్చర్ షాపులో జాకీ ఎత్తి దించినప్పుడు స్ప్రింగు సీటులో సరిగా కూర్చోకుండా పక్కకు వాలింది. కొంత దూరం వెళ్లాక దాని కోసిన కొన టైరు లోపలి గోడను చీల్చింది. ఊళ్లో, నెమ్మదిగా వెళుతుండగా జరిగింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. మా మేస్త్రి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నేను కోసి మూలన పడేసిన ముక్కను వెతికి తెచ్చి నా చేతిలో పెట్టారు. అది ఇప్పటికీ నా టూల్ బాక్సులో ఉంది.

ఒక చుట్టు కోస్తే ఏమవుతుందో మనం ఎప్పుడూ కాగితం మీద పెట్టి చూసుకోలేదు. ఇప్పుడు చూద్దాం. లెక్క కోసం ఒక చిన్న కారు ముందు చక్రం తీసుకుందాం. స్ప్రింగు మీద పడే బరువు 300 కిలోలు. స్ప్రింగు ఒక మిల్లీమీటరు నొక్కుకోవాలంటే 2 కిలోలు కావాలి. పని చేసే చుట్లు 5. విడిగా బల్ల మీద పెడితే పొడవు 350 మిల్లీమీటర్లు. బండి బరువు పడగానే అది 150 నొక్కుకుని 200 దగ్గర ఆగుతుంది. ఇప్పుడు ఒక చుట్టు కోశాం. చుట్లు తగ్గితే స్ప్రింగు మెత్తబడదు, గట్టిపడుతుంది. 5 చుట్లకు 2 కిలోలైతే 4 చుట్లకు రెండున్నర కిలోలు. విడి పొడవు సుమారు 280కి పడిపోయింది. అదే 300 కిలోల కింద 120 నొక్కుకుని 160 దగ్గర ఆగుతుంది. అంటే బండి 40 మిల్లీమీటర్లు దిగింది. కుర్రాడు అడిగింది అంతే కాబట్టి మన పని అయిపోయిందని అనుకుంటాం.

కానీ పాత స్ప్రింగుతో బంప్ స్టాపర్, అంటే స్ప్రింగు మరీ నొక్కుకోకుండా ఆపే రబ్బరు దిమ్మ, తగిలే లోపు 80 మిల్లీమీటర్ల జాగా ఉందనుకుందాం. అప్పుడు స్టాపర్ తగలాలంటే మరో 160 కిలోల బరువు పడాలి. ఇప్పుడు జాగా 40 మిల్లీమీటర్లే. రెండున్నర చొప్పున 100 కిలోలకే తగులుతుంది. "స్ప్రింగు గట్టిపడింది కదా, ఇంక తగలదులే" అని మనం కస్టమర్‌కు చెప్పే మాట అందుకే తప్పు. పాతలా ఆ 160 కిలోలను సగం జాగాలో ఆపాలంటే మిల్లీమీటరుకు 4 కిలోల స్ప్రింగు కావాలి, అంటే రెట్టింపు. అంత గట్టి స్ప్రింగు వేస్తే దాని ఎగురును కంపెనీ షాక్ అబ్జార్బర్ పట్టుకోలేదు. బండి గుంత దాటాక కూడా ఊగుతూనే ఉంటుంది.

ఇక లిఫ్ట్ మీద ఆ టక్కుమన్న చప్పుడు సంగతి. చక్రం గాలిలో వేలాడినప్పుడు స్ట్రట్, అంటే స్ప్రింగూ షాకూ కలిసిన కాలు, సాగుతుంది. పై సీటుకూ కింది సీటుకూ మధ్య దూరం 300 మిల్లీమీటర్లు అవుతుందనుకోండి. 350 పొడవున్న స్ప్రింగు అప్పుడు కూడా 50 నొక్కుకునే ఉంటుంది, కదలదు. 280 పొడవున్న స్ప్రింగుకు అక్కడ 20 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. జాకీ ఎత్తినప్పుడే కాదు, వేగంగా వెళుతూ ఒక చక్రం గుంత మీద క్షణం పాటు వేలాడినా ఇదే జరుగుతుంది. మళ్లీ బరువు పడేటప్పుడు అది తన స్థానంలోనే కూర్చుంటుందని మనం ఎవరికి మాట ఇవ్వగలం? పైగా ఆ కింది చివరను కంపెనీ సీటు ఆకారానికి తగ్గట్టు వంచి పెడుతుంది. మనం కోసేది సరిగ్గా ఆ చివరనే.

గ్యాస్ మంట పెట్టి స్ప్రింగును కుంగదీసే పద్ధతి ఇంకా కొన్ని చోట్ల నడుస్తోంది. దాని గురించి పెద్దగా చెప్పను. గట్టిపరిచి, టెంపర్ చేసిన ఉక్కును ఎర్రగా కాలిస్తే ఆ టెంపర్ పోతుంది. అది కుంగుతుంది, లేదా ఒక రోజు విరుగుతుంది. ఆ పని ఇవాళే మానేయండి.

స్ప్రింగు ఒక్కటే మార్చామని మనం అనుకుంటాం కానీ, బండి దిగినప్పుడు దాని కింద ఉన్నవన్నీ కోణం మార్చుకుంటాయి. మన దగ్గరకు వచ్చే చిన్న కార్లలో దాదాపు అన్నింటికీ ముందు మెక్‌ఫర్సన్ స్ట్రటే. 1983లో మారుతి 800 వచ్చినప్పటి నుంచి మన చేతులు ఎక్కువగా దాని మీదే తిరిగాయి. కంపెనీ ఎత్తులో లోయర్ ఆర్మ్, అంటే చక్రాన్ని కింద బాడీకి కలిపే చేయి, చక్రం వైపుకు కాస్త కిందికి వాలి ఉంటుంది. బండిని బాగా దించితే ఆ ఆర్మ్ అడ్డంగా వస్తుంది, ఇంకా దించితే చక్రం వైపు పైకి లేస్తుంది. అక్కడి నుంచి లెక్క తిరగబడుతుంది. మలుపులో బండి దేని చుట్టూ వాలుతుందో ఆ బిందువు, ఇంజనీర్లు రోల్ సెంటర్ అనేది, బండి బరువు కేంద్రం కన్నా వేగంగా కిందికి జారిపోతుంది. ఆ రెండింటి మధ్య దూరం పెరిగిన కొద్దీ మలుపులో బండిని పక్కకు వాల్చే బలం పెరుగుతుంది. కిందికి దించితే మలుపుల్లో అతుక్కుని పోతుందని కుర్రాళ్లు నమ్ముతారు. సరైన స్ప్రింగు, షాకులతో కొద్దిగా దించితే అది నిజమే. ఆర్మ్ పైకి లేచేంత దించితే ఆ నమ్మకం తప్పుతుంది.

టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే రాడ్డు) కోణం మారడం వల్ల టో, అంటే పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, మారుతుంది. ఆ తెల్ల బండి టైర్లను తినేసింది ముఖ్యంగా ఇదే. చక్రం పైభాగం లోపలికి వాలడం (క్యాంబర్) కూడా తోడైంది, కానీ క్యాంబర్ ఒక్కటే అయితే ఎనిమిది నెలల్లో తీగలు బయటపడవు. దించిన తర్వాత అలైన్‌మెంట్ చేయని బండి తారు రోడ్డు మీద రోజంతా టైర్లను ఆకురాయితో రుద్దుతున్నట్టే. స్ప్రింగు కోసినందుకు మనం తీసుకున్నది రెండు మూడు వేలు, అతనికి టైర్లకు పట్టింది దానికి ఎన్నో రెట్లు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ సామెత ఆ కుర్రాడి విషయంలో నిజమైంది.

ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే మంచి మేస్త్రులు కూడా దీన్ని మరిచిపోతున్నారు. లోయర్ ఆర్మ్ బాడీకి తగిలే చోట ఉండే బుష్‌లో రబ్బరు ఇనుప గొట్టానికి అంటుకుని ఉంటుంది, అందులో తిరగదు, మెలిపడుతుంది. బండి లిఫ్ట్ మీద ఉండగా, ఆర్మ్ కిందికి వేలాడుతుండగా ఆ బోల్టు బిగించేస్తే, బండి నేలకు దిగగానే బుష్ మెలిపడి అలాగే ఉండిపోతుంది. కొన్ని నెలల్లో చిరుగుతుంది. ఎత్తు మార్చిన ప్రతిసారీ ఆ బోల్టు వదులు చేసి, చక్రాల మీద బరువు పడ్డాక, కొత్త ఎత్తులో బిగించాలి. బుష్ త్వరగా పోయిందని కస్టమర్ తిరిగి వస్తే విడిభాగాన్ని తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు మన పానాదే.

హెడ్‌లైట్ వెలుగు ఎక్కడ పడుతోందో గోడకు ఎదురుగా పెట్టి చూడండి, అది ఐదు నిమిషాల పని. కొత్త కార్లలో అద్దం వెనక కెమెరా, బంపర్‌లో రాడార్ ఉంటే ఎత్తు మారాక వాటిని మళ్లీ సరిచేయించాలి. పాత బండ్లలో మాత్రం ఒక ప్రమాదం దాగి ఉంది. కొన్నింటికి వెనక యాక్సిల్ నుంచి బాడీకి ఒక చిన్న రాడ్డు, దానికి ఒక వాల్వు ఉంటాయి. వెనక బరువు పడి బాడీ దిగితే వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపడం దాని పని. మనం బండిని దించేస్తే, లోపల ఎవరూ లేకపోయినా అది నిండుగా ఉందని ఆ వాల్వు అనుకుంటుంది. వాన రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే వెనక చక్రాలు ముందుగా పట్టేసి బండి తిరుగుతుంది. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ చక్రాలు పట్టేయకుండా ఆపే ఏబీఎస్ తప్పనిసరి అయింది కానీ, కిందికి దించమని మన దగ్గరకు వచ్చే బండ్లలో అంతకుముందువి చాలా ఉన్నాయి.

బండిని దించుకోవాలనే కోరిక తప్పని నేను అనను. మడ్‌గార్డులో ఖాళీ కనిపించకుండా నేలకు దగ్గరగా నిలబడ్డ కారు అందంగా ఉంటుంది, నాకూ ఇష్టమే. 2022లో మన దేశంలో తయారీ ఆగిపోయిన పోలోను కన్నబిడ్డలా చూసుకునే కుర్రాళ్లు నా దగ్గరకు వస్తారు. వాళ్లు నెలల తరబడి డబ్బు కూడబెట్టి వస్తారు. అలా వచ్చిన వాడికి కోసిన ఇనుము బిగించి పంపడం మన చేతిపనికే అవమానం.

సరైన దారి ఉంది. ఐబాక్, హెచ్ అండ్ ఆర్ లాంటి జర్మన్ కంపెనీలు ఒక్కో మోడల్‌కు విడిగా స్ప్రింగులు చేస్తాయి. కొన్నింటిలో ఒక వైపు చుట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. బరువు పడగానే అవి ఒకదానిపై ఒకటి కూర్చుంటాయి, చక్రం వేలాడినప్పుడు విచ్చుకుని స్ప్రింగును సీటులో పట్టి ఉంచుతాయి. కోసిన స్ప్రింగులో లేనిది అదే. అలాంటి స్ప్రింగు వేసినా పాత షాకులు లక్ష కిలోమీటర్లు తిరిగినవైతే వాటినీ మార్చండి, బంప్ స్టాపర్లు కొత్తవి వేయండి. కాయిలోవర్ (ఎత్తు మార్చుకునే వీలున్న స్ప్రింగు, షాకు సెట్టు) కొనుక్కొస్తే ముందు దాని కింది భాగం చూడండి. కొన్ని రకాల్లో స్ప్రింగు కూర్చునే పళ్లెం ఒక్కటే మరల మీద కిందికి దిగుతుంది, దాంతో షాకు కదలిక తగ్గిపోతుంది. మరికొన్నింటిలో కింది బ్రాకెట్టు విడిగా తిరుగుతుంది. ఎత్తు తగ్గినా షాకు కదలిక అంతే మిగులుతుంది. వాటిని బిగించాక వర్షాకాలానికి ముందూ తర్వాతా మరలు కడిగించమని కస్టమర్‌కు చెప్పండి. మన బురద గట్టిపడితే ఆ లాక్ రింగు సుత్తికి కూడా కదలదు.

ఎంత దించాలన్నది నా సొంత అభిప్రాయం: మన రోడ్ల మీద 25 నుంచి 30 మిల్లీమీటర్లు, అంతకు మించి వద్దు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన ప్రమాణంలో స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలని పెట్టారు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటగలిగేలా ఆ ఒంపును లెక్కగట్టారు. మన ఊళ్లలో గుడి ముందూ బడి ముందూ రాత్రికి రాత్రి వెలిసేవి మోకాలంత మట్టి గట్టును నిలబెట్టినట్టుంటాయి. 165 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ ఉన్న కారు నలుగురు ఎక్కితేనే కొంత కుంగుతుంది. దానిలోంచి 60 తీసేస్తే ఇంజను కింద ఉండే ఆయిల్ సంప్ నేలకు ఎంత దూరంలో ఉంటుందో కస్టమర్‌కు టేపు పెట్టి చూపించండి. మాటల కన్నా టేపు బాగా పని చేస్తుంది.

చట్టం సంగతి కూడా మనం దాచకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఏ సెక్షన్ చేరింది. అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆర్సీలో రంగు, సీట్లు, బరువు, వీల్‌బేస్ ఉంటాయి తప్ప నేల నుంచి బండి ఎత్తు ఉండదు కదా అని వాదించేవారున్నారు. ఆ వాదన ఆర్టీవో ముందో, కోర్టులోనో నిలబడుతుందని మనం కస్టమర్‌కు ధైర్యం చెప్పకూడదు. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం జరిగిన రోజు క్లెయిముకు అడ్డుపడవచ్చు. ఆ రోజు మనం పక్కన ఉండం.

నాకు బాధ కలిగించేది ఏమిటంటే, లెక్క కట్టి, పరీక్షించి తయారుచేసిన స్ప్రింగునూ గ్రైండర్‌తో కోసిన స్ప్రింగునూ ఈ చట్టం ఒకే గాటన కట్టింది. రెండూ తప్పే అయినప్పుడు కుర్రాడు చవకదానికే వెళతాడు. సీఎన్‌జీ కిట్ల విషయంలో అలా జరగలేదు. ఆమోదం పొందిన కిట్టు, అనుమతి ఉన్న చోట బిగింపు, తనిఖీ, ఆ తర్వాత ఆర్సీలో నమోదు. అంత ఒత్తిడి ఉన్న గ్యాస్ సిలిండర్‌కే దారి వేయగలిగినప్పుడు స్ప్రింగుకు ఎందుకు వేయలేరు? జర్మనీలో దించే స్ప్రింగు కొంటే దానితో పాటు పరీక్షా పత్రం వస్తుంది. బిగించాక టూఫ్ లాంటి సంస్థ ఇంజనీరు బండిని చూసి ఒప్పుకుంటేనే అది రోడ్డెక్కుతుంది. జపాన్‌లో దించుకోవచ్చు కానీ నేల నుంచి 9 సెంటీమీటర్లు ఉండి తీరాలి. మనకు పరీక్షించే చోట్లు లేక కాదు. పుణెలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్ ఉన్నాయి. అడిగేవాళ్లే లేరు. మన సంఘాలు పార్కింగు కోసం, కరెంటు బిల్లుల కోసం వినతి పత్రాలు ఇస్తాయి. ఈసారి దీని కోసం ఒకటి ఇద్దాం. రాయడానికి నేను సిద్ధం. కానీ ఒక చేత్తో స్ప్రింగులు కోస్తూ ఇంకో చేత్తో వినతి పత్రం ఇస్తే ఎవరు వింటారు?

"నేను కోయనంటే పక్క షెడ్డుకు వెళతాడు" అంటారు. నిజమే, వెళతాడు. నా దగ్గర నుంచీ వెళ్లారు. అందుకే ఈ ఉత్తరం ఒక్కరికి కాకుండా అందరికీ రాశాను. వీధిలో పది షెడ్లుంటే పదీ కాదనాలి. కాదన్న వాడు ఆ కుర్రాడిని పది నిమిషాలు కూర్చోబెట్టి, టీ ఇప్పించి, పైన రాసిన లెక్క కాగితం మీద వేసి చూపించాలి. నేను చూపించినవాళ్లలో సగం మంది స్ప్రింగుల జోలికి పోకుండా వెళ్లిపోయారు. మిగతావారిలో కొందరు డబ్బు చేర్చుకుని సరైన సెట్టుతో తిరిగొచ్చారు. చట్టం ఏమంటుందో వాళ్లకూ చెప్పాను. నిర్ణయం వాళ్లది, కానీ తెలిసి తీసుకున్నారు.

ఆ తెల్ల బండికి కంపెనీ స్ప్రింగులు కొత్తవి తెప్పించి వేశాం, బుష్‌లు మార్చాం, అలైన్‌మెంట్ చేశాం. మజూరీ తీసుకోలేదు. బండి మళ్లీ పాత ఎత్తుకు లేచినప్పుడు ఆ కుర్రాడి ముఖం చిన్నబోయింది, మడ్‌గార్డులో ఖాళీ చూసి కాసేపు మాట్లాడలేదు. కోసిన స్ప్రింగులు రెండూ డిక్కీలో వేసుకుంటానన్నాడు. నేను ఇవ్వలేదు. ఆ రెండూ మా షెడ్డులో గేటు పక్కన మేకుకు వేలాడుతున్నాయి. ఆదివారం మధ్యాహ్నాలు నేను ఖాళీగానే ఉంటాను. మీ దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాళ్లను తీసుకురండి, స్ట్రట్ విప్పి, టేపు పెట్టి అన్నీ చూపిస్తాను. స్ప్రింగును నొక్కి పట్టే కంప్రెసర్ లేక తాళ్లూ గొలుసులూ కట్టి విప్పుతున్నవాళ్లు ముందుగా రండి. నా దగ్గర రెండు ఉన్నాయి, ఒకటి తీసుకెళ్లి వాడుకోండి.

మీ
ఒక అలైన్‌మెంట్ మేస్త్రి
ఆటోనగర్, విజయవాడ